మేనేజరు లేని మధ్యాహ్నాలు

"నేను బయటికి వెళ్ళడం ఆలస్యం, మీ ఫోన్లు బయటికొస్తాయి. ఆరుగురు ఆడవాళ్ళు ఆరు సీరియళ్ళు పెట్టుకుంటే నెట్ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అంటూ మేనేజరు గారు నా బల్ల మీద ఒక కాగితం పెట్టారు. ఎల్లుండి నుంచి ఆడ సిబ్బంది పొద్దున రాగానే ఫోన్లు ఆయన గదిలో అప్పగించి, సాయంత్రం వెళ్ళేటప్పుడు తీసుకోవాలట. ఆ నోటీసు నేను టైపు చేసి, కింద నా సంతకం పెట్టి గోడకు అంటించాలి. నేను ఆ ఆఫీసులో అడ్మిన్‌ని. అంటే ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, కుళాయి కారినా, నెట్ రాకపోయినా అందరూ కేకేసేది నన్నే.

మాది జనం దరఖాస్తుల్ని ఆన్‌లైన్లో ఎక్కించే ఆఫీసు. నెల రోజులుగా మధ్యాహ్నమైతే చాలు, బటన్ నొక్కాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళు మా మీద విరుచుకుపడతారు. నెట్ కంపెనీ అతనికి ఫోన్ చేస్తే "స్పీడు బాగానే ఉంది మేడం, మా వైపు ప్రాబ్లం లేదు" అని పెట్టేస్తాడు. విచిత్రమేమిటంటే, మేనేజరు గారు గదిలో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. ఆయన కారు గేటు దాటిన కాసేపటికే మొదలవుతుంది. అందుకే ఆయనకు అంత ధీమా.

ఫోను అప్పగించడమంటే నేను ఉద్యోగం మానుకోవడమే. మూడున్నరకు మా పాప బడి నుంచి వచ్చి, తాళం తీసి, లోపల గడియ పెట్టుకుని "అమ్మా, వచ్చేశా" అని ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క మాట వినేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. సాయంత్రం కూర తరుగుతూ ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "అంత ఇబ్బందైతే మానెయ్. నిన్నెవరు చెయ్యమన్నారు?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "నెట్ అంటే కుళాయి లాంటిదే. అందరూ ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది" అని నాకు విడమరిచి చెప్పాడు. నాకు! పదకొండేళ్ళ కిందట ఈ మనిషి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా పక్క కుర్చీలో కూర్చుని, ఏ మీట నొక్కాలో నన్ను అడిగి నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఇద్దరిలో ఒకరు షిఫ్టులు మానాలన్నప్పుడు ఆ ఒకరు ఎవరన్న చర్చే రాలేదు. "పిల్లకి అమ్మ కావాలి గానీ ఇంజనీరెందుకు?" అన్నారు అత్తయ్య. అప్పటికి పిల్ల ఇంకా పుట్టనే లేదు.

ఆ ఉద్యోగంలో మేం కూర్చున్న పాత మెషీన్ల గది తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళకు చలి తెలుస్తుంది. మెషీన్లు వేడెక్కకూడదని గదంతా గడ్డకట్టేలా ఉంచేవాళ్ళు. శాలువాలు కప్పుకుని, ఒకే బిస్కెట్ పొట్లం చుట్టూ చేరి, ఎంత నవ్వుకునేవాళ్ళమో. మా సీనియర్‌ను మగవాళ్ళతో సహా అందరూ పెద్దక్క అనే పిలిచేవాళ్ళు. ఎప్పుడూ ముడిలో ఒక పెన్సిల్ గుచ్చుకుని ఉండేది. దూరాన ఉన్న ఒక కంప్యూటరుకు చిన్న కబురు పంపి, అది వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం ఆమె నాకు నేర్పిన మొదటి పని. "స్పీడు వేరు, ఆలస్యం వేరమ్మాయ్. రోడ్డు ఎంత వెడల్పున్నా గేటు దగ్గర జనం నిలబడిపోతే ఏం లాభం? ఎవర్నీ ముందే అనుమానించకు. టైము వేసి రాసుకుంటూ పో. ముందు నీ దగ్గర్నుంచే మొదలుపెట్టు" అనేది. మొదటిసారి నా అంతట నేను లోపం పట్టుకున్న రోజు ముడిలోంచి ఆ పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టింది. జీతం పెరిగినప్పుడు కూడా నేను అంత సంబరపడలేదు. ఇప్పుడది బొటనవేలంత అయిపోయి, వంటింట్లో సరుకుల చీటీలు రాస్తోంది. మర్నాడు అన్నం డబ్బాలన్నీ సర్దాక, దాన్ని తీసి సంచిలో వేసుకున్నాను.

ఆఫీసుకు వెళ్ళగానే నోటీసు కాగితాన్ని తిరగేసి, దాని వెనక గీతలు గీశాను. పదిన్నరకు కబురు వెళ్ళి రావడానికి ఇరవై మిల్లీసెకన్లు. పన్నెండుకు ఇరవై ఒకటి. రెండింటికి మేనేజరు గారి కారు వెళ్ళింది. రెండూ పదికి తొమ్మిది వందలు.

ముందు మా ఆరుగురి ఫోన్లూ ఆపించి, రికార్డులు చూసే అక్క బల్ల మీద కుప్ప పోశాను. "ఆయన చెప్పినట్టే ఆడుతున్నావేంటే?" అని ఆమె కసురుకుంది.

"మన తప్పు లేదని ముందు మనకి తెలియాలి కదక్కా."

తొమ్మిది వందలు అలాగే ఉన్నాయి. టీ విరామంలో నడవాలోని డబ్బా తెరిచాను. ఆఫీసు వైర్లన్నీ కలిసేది అక్కడే. ఒక్కొక్కటే పీకడం, అంకె చూడటం, మళ్ళీ పెట్టడం. చేతులు ఏదీ మరిచిపోలేదు. నాకే ఆశ్చర్యమేసింది, కాస్త ఏడుపూ వచ్చింది. ఎనిమిది వైర్లకూ మార్పు లేదు. నీలం టేపు చుట్టిన తొమ్మిదోది పీకగానే ఇరవై. పెడితే తొమ్మిది వందలు. పీకితే మళ్ళీ ఇరవై.

ఆ వైరు వెంట గోడ తడుముకుంటూ వెళ్ళాను. అది మేనేజరు గారి గదిలో బీరువా మీదున్న కెమెరాల పెట్టెలోకి పోయింది. నెల కిందట దొంగల భయమని నాలుగు కెమెరాలు పెట్టించారు. నాలుగూ మా బల్లల వైపే చూస్తాయి. ఒక్కటైనా వీధి తలుపు వైపు లేదు. ఆయన బయటికి వెళ్ళాక ఫోన్లో మమ్మల్ని చూస్తూ కూర్చుంటున్నారు. ఆ నాలుగు బొమ్మలూ బయటికి వెళ్ళే దారంతా ఆక్రమిస్తే, మా దరఖాస్తులు వాటి వెనకాల పడిగాపులు కాస్తున్నాయి.

"నిన్న టీకి ఇరవై నిమిషాలు పట్టిందేంటమ్మా?" అని ఆయన అడిగినప్పుడల్లా, మాలో ఎవరు చాడీలు మోశారా అనుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే నేను రికార్డుల అక్కనే అనుమానించాను. రెండు వారాలు ఆమెతో ముభావంగా ఉన్నాను. సంగతి చెప్పి, క్షమించమన్నాను. "నేనేమో నువ్వే అనుకున్నాలే" అంది ఆమె. ఇద్దరం నవ్వాం గానీ, ఆయన మీద కోపంతో నా చెవులు వేడెక్కాయి.

టైములూ అంకెలూ ఉన్న ఆ కాగితం అడుగున కారణం రాశాను. నా సంతకం పెట్టి, దాని కింద 'నెట్‌వర్క్ ఇంజనీర్' అని రాశాను. ఆ మాట రాసి పదేళ్ళయింది. నోటీసు అంటించమన్న చోటే దాన్ని అంటించాను. తర్వాత వెళ్ళి, నీలం టేపు వైరు పీకి పక్కన పెట్టేశాను. కౌంటర్ల దగ్గర చక్రాలు ఆగిపోయాయి. వరసలో ఉన్న ముసలాయన "అయిపోయిందా, అప్పుడే?" అన్నాడు.

నా ఫోను ఆన్ చేసిన రెండో నిమిషంలో మోగింది. పాపేమో అనుకుని ఆత్రంగా తీశాను.

"ఏంటమ్మా, ఆఫీసులో నెట్ పోయిందా?" మేనేజరు గారి గొంతులో కంగారు.

"లేదు సార్, ఇప్పుడే వచ్చింది. ఉంటాను, మా పాప ఫోన్ చేసే టైమైంది."