కర్పూరం ఆర్పని చెయ్యి

మా చెల్లెలు రుక్మిణి సంచి నేనే సర్దాను. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, బీపీ మాత్రలు.

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదానికి ఇన్నెందుకే అక్కా?" అంది.

సంచి సర్దడమంటేనే నాకు భయం. మా ఆయన తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే ముఠా పనికని ఇలాగే సంచి పట్టుకుని వెళ్ళి, లారీ మీద శవంగా వచ్చాడు. అప్పటినుంచి నాకు మిగిలింది రుక్మిణి ఒక్కతే. దాన్ని పోలీసులు ఏలూరు రమ్మన్నారు.

ఎందుకు రమ్మన్నారో చెప్తాను. చెరువుల మీద బతికేవాళ్ళూ, కాలేజీలకు పోయే పిల్లలూ వినాలి.

మాది కలిదిండి పక్క ఊరు. చుట్టూ రొయ్యల చెరువులే. మా వాళ్ళంతా ఈశ్వరప్రసాద్ గారి చెరువుల మీద కూలీలు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఒకదానికి తీగ తోలు ఊడి రాగి బయటపడింది. మేత వేసే రుక్మిణి ఆ సంగతి చెప్తూనే ఉంది. ఎవరూ వినలేదు.

ఒక రోజు తెల్లవారి ఆ ఏరేటరు చక్రానికి నాచు చుట్టుకుంది. మాలాంటి కూలీయే అయిన సత్తిరాజును దిగి తియ్యమన్నారు.

"కరెంటు ఆపండి బాబూ," అన్నాడు సత్తిరాజు.

"మబ్బు పట్టింది కదరా, ఆపితే గాలందక రొయ్య తేలిపోద్ది. నువ్వు దిగవయ్యా," అన్నారు ఈశ్వరప్రసాద్ గారు.

సత్తిరాజు దిగాడు. కరెంటు కొట్టి అక్కడే పోయాడు. కేక కూడా సగమే వినిపించిందట. గట్టు మీద ఉన్నది ఆయన, రుక్మిణి, ఇద్దరే.

మధ్యాహ్నానికి సత్తిరాజు దొంగ అయిపోయాడు. తాగి వచ్చి రొయ్యలు పట్టుకుపోవడానికి దిగాడని ఈశ్వరప్రసాద్ గారు పోలీసుల దగ్గర రాయించారు. అతని పెళ్ళాం సుబ్బలక్ష్మి దొంగ పెళ్ళామయింది.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఎటూ తేలని తగువును అమ్మవారి ముందు పెడతారు. పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తారు. మాట చెప్పి ఆ మంటను అరచేత్తో ఆర్పినవాడి మాటే నిజం. అబద్ధమాడి ఆర్పితే వంశం ఆరిపోతుందని భయం. మంగళవారం ఈశ్వరప్రసాద్ గారూ, రుక్మిణీ ఇద్దరూ ఆర్పాలని మా పెద్దలే పెట్టారు. ఆయనకు అంత ధైర్యం ఉండదనీ, రుక్మిణి ఆర్పుతుందనీ మా లెక్క. రుక్మిణిని మాత్రం ఎవరూ అడగలేదు. అది గుడి ముఖం చూసి ఎన్నో ఏళ్ళయింది. అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఈశ్వరప్రసాద్ గారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చారు. చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"వాడు దొంగతనానికే దిగాడమ్మా తల్లీ," అని కర్పూరం మీద అరచెయ్యి వేశారు. మంట ఆరిపోయింది. ఆయన చెయ్యి వణకలేదు.

పూజారి మళ్ళీ వెలిగించాడు.

"నేను ఆర్పనండి," అంది రుక్మిణి.

సత్తిరాజు తమ్ముడు రాజకుమార్ దాని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నీకు దేవుడు లేడు కదా పిన్నీ! ఆర్పితే నీకేం పోద్ది? మా అన్న కోసం ఆర్పు!"

"నాకు లేడు. మీకు ఉన్నాడు కదరా. నాకు లేని నమ్మకం చూపించి మిమ్మల్ని నమ్మించమంటావా? ఇప్పుడాయన చేసింది అదే కదా."

ఈశ్వరప్రసాద్ గారు నవ్వారు. "విన్నారా అండీ? దేవుడి భయం లేని మనిషికి నీతేంటండీ? రేపు ఎవరు కాఫీ ఇప్పిస్తే వాళ్ళ మాట చెప్తాది."

"మీ ఇంటి కాఫీ ఇరవై ఏళ్ళు తాగానండీ. అయినా మీ మాట చెప్పట్లేదుగా," అంది రుక్మిణి. తర్వాత మా వైపు తిరిగింది. "నేను చూశాను. చూసింది చెప్తున్నాను. అబద్ధమైతే రేపు సుబ్బలక్ష్మి మొహం నేను ఎలా చూడాలి? నాకు ఆ భయం చాలు."

మాకు చాలలేదు. పెద్దలు ఆయన వైపు తీర్పు చెప్పారు.

ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. కుళాయి దగ్గర నా బిందె పక్కకు నెట్టారు. సుబ్బలక్ష్మి మా ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. "నీ చెయ్యి కందిపోద్దనా? నా మొగుణ్ణి దొంగని చేశావు కదే!"

నేనూ రుక్మిణి గడ్డం పట్టుకుని బతిమాలాను. నేను రోజూ దణ్ణం పెట్టుకునే మనిషిని. "అందరి కోసం ఒక్క అబద్ధపు ఒట్టు వెయ్యవే," అన్నాను.

"మనవాళ్ళతో అబద్ధమాడి మనవాళ్ళను ఎలా గెలిపిస్తానే?" అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కొద్ది రోజులకు మళ్ళీ అదే ఏరేటరుకు నాచు చుట్టుకుంది. తీగ అలాగే ఉంది. ఈసారి రాజకుమార్‌ను దిగమన్నారు. వాడు లుంగీ ఎగ్గట్టి నీళ్ళ అంచున నిలబడ్డాడు. రుక్మిణి మేత బకెట్టు కింద పడేసి స్విచ్చు బోర్డు దగ్గరకు పరుగెత్తింది. కరెంటు తీసేసింది.

"ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ మార్చేదాకా ఇది వెయ్యను. ఎవరూ దిగొద్దు."

కేకలు విని మేమంతా గట్టు మీదకు పరుగెత్తాం. ఈశ్వరప్రసాద్ గారు కారు దిగి ఊగిపోతున్నారు. "పంటంతా చస్తాది! తీగ బాగానే ఉంది, వెయ్యి!"

"బాగానే ఉందా అండీ? అయితే వేస్తాను. మీరు దిగండి," అంది రుక్మిణి.

ఆయన నీళ్ళ వైపు చూశారు. తీగ వైపు చూశారు.

గుంపులోంచి సుబ్బలక్ష్మి ముందుకు వచ్చింది. "దిగండి బాబుగారూ. మా ఆయన తాగి చచ్చాడన్నారుగా. మీరు తాగలేదుగా. దిగండి!"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆ ఒక్క అడుగూ ఊరంతా చూసింది. రాజకుమార్ నీళ్ళ అంచు నుంచి పైకి వచ్చేశాడు. సుబ్బలక్ష్మి రుక్మిణి పక్కన బోర్డుకు వీపు ఆనించి కూర్చుంది. తర్వాత ఆడవాళ్ళం, ఆ తర్వాత మగవాళ్ళు. ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిన ఫోనుతో ఆయన పోలీసుల్ని పిలిచారు. వాళ్ళు వచ్చేసరికి రొయ్యలు తెల్లగా తేలుతున్నాయి. పక్క చెరువుల కూలీలు కూడా నీళ్ళలోంచి బయటికి వచ్చి గట్ల మీద నిలబడ్డారు. పంట నాశనం చేసిందని రుక్మిణి మీద కేసు పెట్టారు.

అందుకే ఏలూరు. దాన్ని ఒంటరిగా పంపలేదు. రెండు ఆటోల నిండా వెళ్ళాం. రుక్మిణిని లోపలికి తీసుకెళ్ళారు. మమ్మల్ని స్టేషను గేటు దగ్గరే ఆపారు. ఒక అధికారి బయటికి వచ్చాడు.

"స్విచ్చు తీసింది ఆవిడ ఒక్కతే కదా? మీకేం సంబంధం లేదని చెప్పి ఇళ్ళకు పోండి."

"తీసింది ఆవిడే అండీ," అంది సుబ్బలక్ష్మి. "మళ్ళీ వెయ్యనివ్వంది మేమందరం. మా ఆయన దొంగ కాదు. ఆ తీగే చంపింది. అదీ రాసుకోండి."

"నువ్వు చూశావా?"

"రుక్మిణి చూసింది. ఆమె చెప్పింది."

"దేవుడు లేడనే దాని మాటా? అమ్మవారి మీద ఒట్టేసి చెప్తావా నువ్వు?"

సుబ్బలక్ష్మి మెడలో అమ్మవారి బిళ్ళ ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"ఒట్టెందుకండీ? చెప్తున్నాను కదా."

వెనక నుంచి రాజకుమార్ అదే మాట అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. లాఠీలు పైకి లేచినా ఎవరూ గేటు వదల్లేదు.

చీకటి పడ్డాక, రుక్మిణిని వెనక గుమ్మం నుంచి సాయంత్రమే పంపేశామన్నారు. ఆ గుమ్మం దగ్గరా మా వాళ్ళు ఉన్నారు. అది బయటికి రావడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు మా చెరువుల్లో కరెంటు ఆపకుండా ఒక్క మనిషి కూడా నీళ్ళలో దిగడు. ప్రతి సోమవారం మేము ఆ గేటు ముందు కూర్చుని రుక్మిణి ఎక్కడని అడుగుతున్నాం.

మా చెల్లెలు రుక్మిణి తిరిగి రాలేదు. అది లోపలికి వెళ్ళింది రెండు వేల ఇరవై నాలుగు, జూన్ పద్నాలుగు, శుక్రవారం.