సన్న చప్పుళ్ల కోసం

నాచారంలోని బాటిళ్ల కంపెనీలో పందొమ్మిదేళ్లు చాకిరీ చేసినందుకు దుర్గేష్‌కు మిగిలిందల్లా రెండు చెవుల్లోనూ ఆగని మోత. షిఫ్టు దిగి ఉప్పల్‌లో ఇంటికొచ్చి పడుకున్నా మిషన్ తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు అతని జేబులోనే మాసిపోయాయి. అవి పెట్టుకుంటే మిషన్ మాట ఎలా వినపడుతుంది? గాలి పైపు ఎక్కడ సన్నగా లీకవుతోందో షెడ్డు ఈ చివర నిలబడి చెప్పగల మొనగాడని పేరాయె! ఆ పేరు కోసమే చెవులు ధారపోశాడు, పిచ్చి మనిషి. పోయిన నెలలో పక్కనే పైపు బుస్సుమంటుంటే అతనికి వినపడలేదు. తోటివాళ్లు నవ్వారు.

డాక్టరు పరీక్ష చేసి, "సన్న సప్పుళ్లు ముందు పోతయ్. ఉన్నయన్న కాపాడుకో" అన్నాడు.

అప్పటినుంచీ ఒకటే కోరిక. చడీచప్పుడూ లేని చోట రెండు రోజులు నడవాలి. చెవులు పోయేలోపు పిట్టల కూతలు తనివితీరా వినాలి. వికారాబాద్‌కైతే ఊరంతా పోతుంది. అది దాటి బాగా లోపలికి, ఎవరూ పేరైనా వినని ఒక గుట్టల ఊరు వెతికి పట్టాడు. చూడటానికి అక్కడ గుడి లేదు, జలపాతం లేదు, ఫోటో దిగేందుకు ఏమీ లేదు. కాలిబాటలు, చెట్లు, ఒక పెద్దాయన ఇంట్లో అద్దెకు రెండు గదులు. ఆ మాట వినగానే దుర్గేష్‌కు ప్రాణం లేచొచ్చింది.

జరిగిన పొరపాటల్లా భార్య సంతోషి తన తమ్ముడికి ఫోన్ చేయడం. వాళ్లలో ఊరెళ్తూ చెప్పకపోవడం నేరం. చెప్పి, మీరూ రండి అనకపోవడం అంతకన్నా పెద్ద నేరం.

"అన్నందుకు నిజంగనే వస్తరా అనుకున్న" అంది సంతోషి.

వచ్చారు. బావమరిది తిరుపతి, అతని భార్యాపిల్లలు, అత్తమామలు, మొత్తం తొమ్మిది మంది. తుఫాన్ బండి, బగారన్నం గంజు, సూట్‌కేసంత స్పీకరు. శనివారమంతా దుర్గేష్ బాట వెంట ముందు నడుస్తుంటే వీళ్లు ఊరేగింపులా వెనక వచ్చారు. కాసేపు బండ మీద కూర్చుంటే "బావా, తిను", "బావా, ఇటు సూడు". కాళ్లకంటే ముందు మనసు అలిసిపోయింది.

"రెండు దినాలు నోరు మూసుకుంటే సస్తరా మీ వాళ్లు?" అని సంతోషి మీద విరుచుకుపడ్డాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదివారం తెల్లవారుతుండగా ఆమే అతన్ని తట్టి లేపింది. తక్కినవాళ్లంతా నిద్రలో ఉన్నారు. ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటి, మెల్లగా గుట్టెక్కారు. పైన తునికి చెట్ల మధ్య సంతోషి టక్కున ఆగింది. ముఖం విప్పారింది.

"అబ్బ, ఎన్ని పిట్టలయ్యా! గా కొమ్మ మీద సూడు, ఎంత సన్నగ కూస్తుందో. ఇనవడ్తుందా?"

దుర్గేష్ ఊపిరి బిగబట్టాడు. కొమ్మ మీద గుప్పెడంత పిట్ట. గొంతు ఉబ్బుతోంది, ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అతనికి మాత్రం నాచారం మిషన్ తప్ప ఇంకేమీ లేదు. ఆలస్యంగా వచ్చాడు. నిన్న బంధువుల గోల అడ్డమైందనుకున్నాడు గానీ, ఆ గోల లేకపోయినా ఇంతే. చిన్నపిల్లాడిలా ఏడవాలనిపించింది.

"ఇనవడ్తుంది" అన్నాడు.

సంతోషి అతని ముఖంలోకి చూసింది. అబద్ధమని తెలిసిపోయింది. అతని చెయ్యి పట్టుకుని, గుట్ట దిగేదాకా వదల్లేదు.

సాయంత్రం బండి కదలగానే తిరుపతి స్పీకరు ఆపేశాడు. అక్క ఏం చెప్పిందో ఏమో, "బావకు తక్లీఫ్ అయితుంది, ఎవ్వరు సప్పుడు జేయకుండ్రి" అన్నాడు. పిల్లలు సైతం నోళ్లు మూసుకున్నారు. అంతమంది మధ్య దుర్గేష్‌కు మిషన్ ఒక్కటే మోగుతోంది. రెండు కిలోమీటర్లు ఓర్చుకున్నాడు.

"తిరుపతీ, పాట పెట్టు" అన్నాడు వెనక్కి తిరిగి. "మీరు గూడ మాట్లాడుండ్రి. జర పెద్దగ మాట్లాడుండ్రి. ఇనవడ్డన్ని దినాలు మిమ్ములనన్న వింట."