వాన పడ్డ నాడు వాగు రంగు

మా వాగు నీళ్లు ఒకప్పుడు ఎంత తియ్యగుండేవంటే, ఊర్ల ఎవ్వరూ చాయ్‌ల చక్కెర ఎయ్యకపోదురు. చక్కెర అమ్మే షావుకారు దివాలా తీసి ఊరిడిచి పోయిండు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఎగువన మందుల కంపెనీ వచ్చినంక ఆ నీళ్లే తాగి మా బర్రెకు కడుపుల దూడ దక్కలేదు. "ఇంకోపారి గిట్లయితే బర్రే బతకది. అంగట్ల అమ్మేస్త" అన్నది నా భార్య రాజవ్వ. మా ఇంట్ల మిగిలిన పాడి అదొక్కటే.

పక్కింటి నాగయ్య నవ్విండు. "కంపెనీకి వకీళ్లున్నరు, గేటు కాడ జవాన్లున్నరు. నీకేమున్నది అంజన్నా?"

"సర్కారున్నది."

"నోరు గూడ ఉన్నది. నాకు గదే భయం" అన్నది రాజవ్వ.

ఆమె భయపడ్డట్టే అయింది. నేను అర్జీ పెట్టుకుంటే సంగారెడ్డి నుంచి కాలుష్య మండలి మేడం సత్యశ్రీ వచ్చింది. ఆనాడు ఎండ. వాగు అద్దం లెక్క మెరుస్తుంది. నాకేం తోచక, "మేడం, ఈ వాగుల చేపలు దగ్గుకుంట చెట్లెక్కినయి" అన్న. కంపెనీ మేనేజరు పొట్ట పట్టుకొని నవ్విండు. మేడం గూడ మొఖం పక్కకు తిప్పుకున్నది.

రాజవ్వ కొంగు నడుముల చెక్కి ముందుకొచ్చింది. "ఈయన మాట ఇడువు బిడ్డా. వాన పడంగనే కంపెనీ మురికినీళ్ల పైపు ఇడుస్తరు, వరదల కొట్కపోతదని. తెల్లారి సూస్తె ఏముంటది?"

మేనేజరు నవ్వు ఆగింది. మేడం నాకు తన నంబరిచ్చింది. "తాతా, వాన పడంగనే ఫోన్ చెయ్. చేపలు, చెట్లు వద్దు. కళ్లతోని చూసింది చెప్పు."

బేరగాడు బర్రెను సూడొచ్చిన రోజే వాన దంచింది. వాగు కాడికి ఉరికిన. ఫోన్ పట్టంగనే నాలిక మీదికి ఏనుగులు, కొండచిలువలు అన్నీ వచ్చినయి. అన్నిటినీ మింగిన.

"మేడం, పైపు ఇడిసిండ్రు. నీళ్లు ఎర్రగున్నయి. ముక్కు మండుతుంది."

"అంతేనా తాతా?"

"అంతే."

"అయితే నిజమే. వస్తున్న."

స్కూటీ మీద తడిసి ముద్దయి వచ్చింది. పైపు కాడ సీసాలు నింపి, మా ముందటనే సీలేసింది. మేనేజరు ఉరికొచ్చి, "మట్టి నీళ్లు మేడం!" అన్నడు.

"మంచిదే. ల్యాబు గూడ గదే చెప్తె మీకేం భయం?"

ల్యాబు ఆ మాట చెప్పలే, నీళ్లల్ల కంపెనీ విషమున్నదని తేల్చింది. మండలి ఆ పైపు మూయించింది. వాగు తేటపడేదాక మా పశువులకు ట్యాంకరు నీళ్లు కంపెనీయే పొయ్యాలన్నది.

బేరగాడు మళ్లొచ్చిండు. రాజవ్వ వాని చేతికి గిలాస ఇచ్చింది.

"బర్రెను అమ్మం. చాయ్ తాగి పో. చక్కెర ఏసిన, వాగు ఇంక గంత బాగుపడలే."