టోపీల లెక్క

నా మనవరాలు మంచులో ఇరవై రెండు నిమిషాలు ఒంటరిగా ఉండిపోయింది. ఆ రోజు శిశు కేంద్రం రిజిస్టరులో రాసిన వాక్యం మాత్రం ఇది: "పిల్లలు పన్నెండు మంది. అందరూ లోపలే ఉన్నారు."

నాకు కోపం తొందరగా రాదు. "మీకు కోపం రావాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి" అని నా భార్య వెక్కిరించేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ వాక్యం చదివిన పూట మాత్రం ఏ దరఖాస్తూ లేకుండానే వచ్చింది.

నేను తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. సరుకు తూచే పళ్లెం అడుగున మైనం అంటించేవాళ్లనీ, తక్కెడ ముల్లుకి వేలు ఆనించేవాళ్లనీ చూశాను. పట్టుబడ్డాక వాళ్లలో సగం మంది తల దించుకునేవారు. ఈ కేంద్రం నడిపే మేడమ్ దించుకోలేదు.

కేంద్రంలో రెండు, మూడేళ్ల పిల్లలు ఉంటారు. చలికాలంలో కూడా రోజూ పదిన్నరకి వాళ్లని నలభై నిమిషాలు పెరట్లో ఆడిస్తారు. మంచిదే. బుల్లి బకెట్లలో మంచు కూరి బోర్లిస్తారు. గిన్నెలో నీళ్లు పోసి, ఎండుటాకు వేసి, రాత్రంతా బయట పెడితే పొద్దుటికి గాజు పళ్లెంలా తేలుతుంది. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటారు. వరసగా నిలబడి, నోటితో ఆవిరి వదులుతూ పొగబండి ఆట ఆడతారు. మా మనవరాలు గువ్వ ఎప్పుడూ ఆఖరి పెట్టె. కాళ్లు పొట్టివి కదా.

పొగమంచులో కనబడాలని అందరికీ కేంద్రమే ఎర్ర ఉన్ని టోపీలు ఇచ్చింది. పిల్లలతో బయట ఉండేది ఆయమ్మ ఒక్కతే. మేడమ్‌కి చలి పడదు. టీ కప్పుతో గాజు తలుపు వెనక నిలబడి, ఎర్ర టోపీలు లెక్కపెట్టి, పన్నెండూ కనబడగానే గంట కొడుతుంది. ఆయమ్మ ఇద్దరు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని ముందు నడుస్తుంది. మిగతావాళ్లు వెనక వస్తారు. తలుపు దానంతటదే మూసుకుని గడియ పడుతుంది. బయటినుంచి తెరుచుకోదు.

ఆ రోజు పదకొండూ పదికి గంట కొట్టారు. నేను గువ్వని తీసుకెళ్లడానికి కాస్త ముందే వెళ్లాను. పదకొండూ ముప్ఫై రెండుకి గేటు తీస్తుంటే, ఆయమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొస్తోంది. ఆమె స్వెటరు ఆమె ఒంటి మీద లేదు. చేతుల్లోని మూటకి చుట్టి ఉంది. మూటలోంచి బయటికి వేలాడుతున్నది మా పిల్ల చెయ్యి. వేళ్లు నేరేడుపండు రంగు.

"అన్నం పళ్లాలు వేస్తే ఒకటి మిగిలిపోయింది బాబాయ్ గారూ," అంది ఆయమ్మ వణుకుతూ. "ఎవరిదా అని చూస్తే..."

ఆ మిగిలిపోయిన పళ్లేనికి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మేడమ్ మాత్రం రిజిస్టరు నా ముందుకి తోసి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "పాప లోపలే ఉందండీ. మీరు పొరబడ్డారు. చలిలోంచి వచ్చారు కదా, కళ్లజోడు మసకేసి ఉంటుంది."

సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. అది పిల్ల వేళ్లు తన చేతుల్లో పెట్టుకుని చాలాసేపు ఊదింది. తర్వాత అంది: "వదిలెయ్ నాన్నా. గొడవ చేస్తే సీటు తీసేస్తారు. ఇంకో చోట దొరకాలంటే ఏడాది పడుతుంది. నేను ఉద్యోగం మానేసి కూర్చోనా?"

"నేనున్నానుగా చూసుకోవడానికి."

"నువ్వు పది నిమిషాలు పేపరు చదివితే పదిహేను నిమిషాలు నిద్రపోతావు నాన్నా."

అదీ నిజమే. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ మర్నాడు గువ్వకి టోపీ పెట్టబోతే నా చెయ్యి తోసేసింది.

"వద్దు. నేను ఇవ్వను."

"ఎవరికి ఇవ్వవు?"

"బొమ్మకి. టోపీ ఇచ్చా. బొమ్మకి చలి. మేడమ్ తలుపు ఏసేసింది."

అప్పుడు తెలిసింది లెక్క ఎలా సరిపోయిందో. పిల్లలు చేసిన మంచుబొమ్మ సరిగ్గా వాళ్లంతే ఎత్తు. మా పిల్ల దానికి తన టోపీ పెట్టింది. పొగమంచులో, గాజు అవతలినుంచి, మేడమ్‌కి పన్నెండు టోపీలు కనబడ్డాయి. గంట కొట్టింది. బొమ్మ బయట ఉంది, దాని చాటున టోపీ లేని మా పిల్ల కూడా బయట ఉండిపోయింది.

అయినా నన్ను మండించింది అది కాదు. తను టోపీ ఇచ్చింది కాబట్టే తలుపు మూశారని ఆ రెండున్నరేళ్ల పిల్ల అనుకుంటోంది. ఆ రోజునుంచి పెరటి గడప దాటలేదు. బిస్కెట్టు సగం విరిచి నాకు పెట్టే పిల్ల, మొత్తం గుప్పిట్లో దాచుకోవడం మొదలుపెట్టింది. రిజిస్టరులో అబద్ధాన్ని కొట్టేయొచ్చు. పిల్ల బుర్రలో రాసినదాన్ని ఎవరు కొట్టేస్తారు? ఆ రాసిన చేత్తోనే కొట్టించాలి. పది మందీ చూస్తుండగా.

మా శాఖలో ఒక పద్ధతి ఉంది. తప్పు తూకం పట్టాలంటే అధికారిలా వెళ్లకూడదు. సంచి పట్టుకుని మామూలు మనిషిలా వెళ్లి, సరుకు కొని, వాడు కట్టిన పొట్లాన్ని వాడి ముందే మళ్లీ తూచాలి. నేను శనివారం కోసం ఆగాను. ఆ రోజు తల్లిదండ్రులని పిలిచి పిల్లల చలికాలం ఆటలు చూపిస్తారు.

ముందురోజు ఆయమ్మకి విషయం చెప్పాను. ఆమె పళ్లాలు తుడుస్తూనే వింది.

"నాకేం తెలీదు బాబాయ్ గారూ. మీరు చెప్పలేదు, నేను వినలేదు," అంది. రెండు పళ్లాలు తుడిచాక, "ఆ బొమ్మకి టోపీ మాత్రం నేనే పెడతా" అంది.

శనివారం హాల్లో పాతికమంది కూర్చున్నారు. అమ్మాయి డ్యూటీలో ఉంది. ఈ రోజు గువ్వ కూడా ఆడుతుందని మేడమ్‌కి ముందే చెప్పి ఉంచాను. నేను ఆఖరి వరసలో, గువ్వని ఒళ్లో పెట్టుకుని, నా పొడుగు కోటు గుండీలు దాని మీదుగా పెట్టేశాను. నా గుండె దగ్గర దాని ఊపిరి వెచ్చగా తగులుతోంది. బయట పదకొండు మంది బకెట్లు బోర్లించారు, పొగబండి నడిపారు. తల్లులు చప్పట్లు కొట్టారు.

మేడమ్ గాజు తలుపు దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా, వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. "...పది, పదకొండు, పన్నెండు! చూశారా, మా దగ్గర లెక్క తప్పదు." గంట కొట్టింది. పిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. గడియ పడింది.

నేను కూర్చున్నచోటినుంచే అడిగాను. "మేడమ్ గారూ, మా మనవరాలు కనబడటం లేదు."

"లోపలే ఉందండీ," అంది, ఇటు తిరగకుండానే.

"ఓసారి చూపిస్తారా?"

అప్పుడు తిరిగింది. పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. గాజులోంచి చూసింది. మంచులో ఒక ఎర్ర టోపీ, కదలకుండా. కప్పు అక్కడే వదిలేసి, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి పరిగెత్తింది. ఆ పరుగులో భయం నిజమైనది. అది నేను కాదనను. చూసి సంతోషించాను కూడా.

ఆమె వెనక తలుపు మూసుకుంది. నేను వెళ్లి తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాను. కోటు విప్పాను. గువ్వ తల బయటపెట్టింది. హాలంతా ఊపిరి పీల్చుకుంది. నేను వాళ్లకి జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పాను.

బయట మేడమ్ టోపీ పట్టుకుని, బొమ్మ తల కేసి చూస్తూ నిలబడి ఉంది. తర్వాత వచ్చి గాజు మీద కొట్టింది.

ఒక తండ్రి లేచాడు. "తలుపు తియ్యండి మాస్టారూ, పాపం గడ్డకట్టుకుపోతుంది."

"మా పిల్ల ఇరవై రెండు నిమిషాలు ఉంది నాయనా. ఈవిడ ఇంకా మూడో నిమిషంలో ఉన్నారు," అన్నాను వాచీ చూస్తూ.

అతను కూర్చున్నాడు. గాజు మీద చప్పుడు. చెప్పుల్లోంచి కనబడే ఆమె వేళ్లు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. ఇరవై రెండూ నిలబెడదామనే నా ఉద్దేశం. అబద్ధమెందుకు?

కానీ గువ్వ నా మెడ మీదుగా వంగి, అరచేత్తో గాజుని లోపలినుంచి తట్టింది. ఆ రోజు అటువైపు తట్టినప్పుడు తనకి ఎవరూ పలకలేదు.

"తాతా, తలుపు తియ్యి. మేడమ్‌కి చలి."

నాలుగో నిమిషంలో గడియ తీశాను.

మేడమ్ లోపలికి వచ్చింది. పళ్లు కొట్టుకుంటున్నాయి. నేను పక్కకి తప్పుకోలేదు.

"నాకు చెప్పక్కర్లేదు. దీనికి చెప్పండి. టోపీ ఇచ్చినందుకే మీరు తలుపేశారనుకుంటోంది."

ఆమె హాలంతా ఒకసారి చూసింది. తప్పించుకునే దారి ఉందేమోనని చూసినట్టుంది. లేదు. నేల మీద కూలబడి, గువ్వ మొహానికి తన మొహం సమానంగా పెట్టి, అంది: "ఆ రోజు నువ్వు బయటే ఉండిపోయావమ్మా. నేను నిన్ను చూడలేదు. టోపీలు లెక్కపెట్టాను. నువ్వు బొమ్మకి టోపీ ఇచ్చినందుకు తలుపు వెయ్యలేదు. నువ్వు ఇవ్వడం మంచిదే. తప్పు నాది."

గువ్వ ఎంత అర్థం చేసుకుందో నాకు తెలీదు. ఆమె చేతిలోని తడి టోపీ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాన్ని మేడమ్ తల మీద పెట్టి, చెవులదాకా లాగి, పైన ఒక దెబ్బ వేసింది.

"చలి," అంది.

సోమవారం గువ్వ గడప దాటింది. సీటు పోలేదు. పాతికమంది సాక్షులున్నప్పుడు ఎవరి సీటూ పోదు. రిజిస్టరులో ఆ వాక్యం మీద అడ్డగీత పడింది, కింద నిజం రాసి సంతకం చేసి ఉంది. ఇప్పుడు మేడమ్ బూట్లు తొడుక్కుని పెరటి గడప బయట నిలబడుతుంది. ఒక్కొక్క పిల్ల తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టి లోపలికి పంపుతుంది. నా భార్య పసిపిల్లల వార్డులో నర్సు. ఆవిడా అలాగే చేసేది. "చెయ్యి పడితేనే లెక్క, కంటిని నమ్మకూడదు" అనేది.

గేటు దగ్గర నిలబడి నేను రోజూ ఆ లెక్క చూస్తాను. పన్నెండో తల మీద చెయ్యి పడేదాకా కదలను. మేడమ్ నాకు నమస్కారం పెడుతుంది. నేనూ పెడతాను.

ఆ టోపీ ఆమెకెందుకు ఇచ్చిందా అని మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం మంటగానే ఉంటుంది. ఆమె ఖాతాలో ఇంకో పద్దెనిమిది నిమిషాలు బాకీ ఉన్నాయి కదా.