మబ్బు వెంట వెర్నెల్

ఆ ఆగస్టులో న్యూ సార్డిస్ ఊరు మొత్తానికి వాన పడే చోటు ఒక్కటే. డిటెక్టివ్ వెర్నెల్ టాలీ ఎక్కడుంటే అక్కడ.

పొద్దున్నే ఆమె ఇంకా కాఫీ అయినా తాగకముందే ఫోను మోగేది. "వెర్నెలక్కా, ఆఫీసుకెళ్తూ మా బెండ మొక్కల దగ్గర కాసేపు ఆగి పోవూ?" అని ఒకరు. "నిన్న పాస్టర్ గారి టమాటాలకి అరపూట నిలబడ్డావంట. మేమేం పాపం చేశాం?" అని ఇంకొకరు. ఏప్రిల్లో భర్త లెమ్యూల్‌ని చర్చి వెనక మట్టిలో పెట్టి వచ్చినప్పటి నుంచి దుప్పటంత మబ్బు ఒకటి ఆమె నెత్తిమీదే తిరుగుతోంది. ఉరుముల్లేవు, మెరుపుల్లేవు, ఆగీ ఆగని జల్లు. దానికి ఊళ్ళో ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. మొగుడు పోయిన మనిషికి మబ్బు పట్టింది, అంతే కదా అనుకున్నారు. చర్చిలో ఆమె కూర్చునే బెంచీ పైన పాస్టర్ కొత్త రేకు కొట్టించాడు. షెరీఫ్ కోల్ ఆమె బల్ల పక్కన బకెట్టు పెట్టించాడు. ఆయన దిగులల్లా, ఆమె వస్తున్న సంగతి దొంగలకి మైలు దూరం నుంచే తెలిసిపోతోందని.

దొంగలంటే సరే, ఆ వేసవిలో ఊరికి హంతకుడే దాపురించాడు. జూలైలో క్రీకు అనే వాగు ఒడ్డున పొలమున్న హోసియా గ్రైమ్స్, ముసలాయన, తన పశువుల పాకలో తల పగిలి కనిపించాడు. ఆయన సమాధి మీద పూలు వాడకముందే పక్క పొలం లూడీ ఫ్రేమ్, పెళ్ళీ పెటాకులూ లేని ఒంటరి మనిషి, వాకిట్లో అలాగే పడి ఉంది. ఇద్దరికీ కంచెలు బాగుచేసేవాడు జూబల్ నెట్టిల్స్. తాగితే నోరు ఊరుకోదు, తాగకపోతే మనిషి లేవడు. లూడీ వాకిట్లో కంచె పక్కన దొరికిన సుత్తి అతనిది. షెరీఫ్ అతన్ని లోపలేసి చేతులు దులుపుకున్నాడు. సోమవారం విచారణ. నేరం రుజువైతే అలబామాలో జూబల్‌కి మిగిలేది కరెంటు కుర్చీయే.

"కంచెలు కొట్టేవాడి సుత్తి కంచె దగ్గర కాక పియానో మీద దొరుకుతుందా, షెరీఫ్?" అంది వెర్నెల్ ఆ గురువారం.

"నీ దగ్గర ఇంకో పేరుందా?"

"లేదు."

"లేనప్పుడు జూబలే. వెర్నెల్, నువ్వు కష్టంలో ఉన్నావు. ఇంటికెళ్ళి పడుకో తల్లీ."

"ఇంటి మీదా వానేగా," అని ఆమె టోపీ తీసుకుని లేచింది. బల్ల దగ్గర కూర్చుని కాలక్షేపం చేస్తే జూబల్ ప్రాణం పోతుంది. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తోచలేదు.

చర్చి పెద్ద డీకన్ థాడియస్ మింటర్ భార్య ఓర్లీనా రెండ్రోజులుగా రమ్మంటోంది, చిక్కుడు పాదులు ఎండిపోతున్నాయని. సరే, కాళ్ళు అటు పోయినందుకు ఒక పాదైనా బతుకుతుంది అనుకుని వెర్నెల్ కారు అటు తిప్పింది.

డీకన్ మింటర్ అంటే ఆ ఊరికి పెద్ద దిక్కు. చర్చిలో ప్రార్థన మొదలెట్టేది ఆయన. మిల్లువాళ్ళకి భూములు మాట్లాడిపెట్టేదీ ఆయనే. పొద్దున పొలం అమ్మమని అడిగిన ఇంటికే సాయంత్రం వెళ్ళి జబ్బుపడ్డ ఆవు కోసం ప్రార్థన చేసేవాడు. అందుకని ఎవరికీ కోపం వచ్చేది కాదు. చావు కబురు తెలియగానే న్యూ సార్డిస్‌లో ప్రతి వంటింట్లోనూ గిన్నెలు కదులుతాయి. చావింట్లో పొయ్యి వెలగకూడదు. ఒకరు బంగాళాదుంపలు, ఒకరు కేకు, ఒకరు వేయించిన కోడి పట్టుకుని బయల్దేరతారు. అందరికంటే ముందు ఎవరి గిన్నె చేరిందీ అన్నది ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఈమధ్య ఆ మొదటి గిన్నె ఎప్పుడూ మింటర్ వాళ్ళదే. ఉప్పుపట్టించి పొగబెట్టిన పంది తొడ, తేనె రాసి కాల్చినది, ఇంకా ఆవిరి వస్తుండగానే వచ్చేది.

చిక్కుడు పాదుల మీద జల్లు కురుస్తుంటే ఇద్దరాడవాళ్ళూ వెనక వసారాలో కూర్చున్నారు. ఓర్లీనా చల్లటి తీపి టీ పోసింది.

"ఇంకాస్త ఎడమవైపు జరగవే. ఆ మూల పాదు తడవట్లేదు."

"నేను జరిగితే వసారా తడుస్తుంది వదినా."

"తడిస్తే తడిసింది. వసారాకి కాయలు కాస్తాయా?"

వెర్నెల్ నవ్వి కుర్చీ జరుపుకుంది. అలా జరగడంలో ఆమె మోకాలు దేనికో తగిలింది. గుడ్డ కప్పిన ఇనప తొట్టి. గుడ్డ పక్కకి జారింది. నీళ్ళలో పెద్ద పంది తొడ మునిగి ఉంది.

"ఎవరు పోయారు వదినా?"

"ఎవరూ పోలేదే."

"మరి ఇది?"

"నిన్న సాయంత్రం నానెయ్యమన్నాడు మా ఆయన. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి నీళ్ళు మార్చా." ఓర్లీనా గొంతు తగ్గించి కాస్త గర్వంగా చెప్పింది. "ఆయనకి ముందే తెలుస్తుందే, వెర్నెల్. దేవుడు చెవిలో చెబుతాడు. నీకు మబ్బున్నట్టు ఆయనకి అదుంది. హోసియా గారప్పుడు అంతే, లూడీ అప్పుడూ అంతే. మీ లెమ్యూల్ అప్పుడు కూడా."

వెర్నెల్ గ్లాసు కింద పెట్టింది.

ఉప్పులో నెలలు ఊరిన తొడ చెక్కలా ఉంటుంది. రాత్రంతా నానాలి, ఉడకాలి, ఆ తర్వాత పొయ్యిలో కాలాలి. న్యూ సార్డిస్‌లో జడ వేసుకునే వయసు నుంచి ఆడపిల్లలకి తెలిసిన సంగతి ఇది. మధ్యాహ్నం పోయిన మనిషి ఇంటికి ఆ సాయంత్రం తొడ రావడానికి వీల్లేదు. అయినా మూడిళ్ళకీ వచ్చింది. అందరూ కోసుకుని తిన్నారు, డీకన్ గారి మనసు ఎంత మంచిదో అనుకున్నారు. లెమ్యూల్ ట్రాక్టరు కింద పడ్డాడన్న రోజు, శవాన్ని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్ళకముందే, వెర్నెల్ వంటింట్లో నిలబడి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మెత్తగా ఉందని కూడా అంది. క్రీకు పక్క పొలం అమ్మనని లెమ్యూల్ మింటర్ మొహం మీదే చెప్పిన సంగతి అప్పుడు ఆమెకి గుర్తే రాలేదు.

ఇప్పుడు మళ్ళీ తొట్టిలో మాంసం నానుతోంది. అంటే పోవాల్సినవాళ్ళెవరో ఇంకా బతికే ఉన్నారు.

"డీకన్ గారెక్కడ?"

"జిప్పోరా అత్త ఇంటికెళ్ళాడు. బావి మూత విరిగిందంటే చూసొస్తానని. అదేంటే, టీ తాగకుండానే..."

జిప్పోరా అత్త పొలం కూడా క్రీకు ఒడ్డునే. హోసియాది, లూడీది, లెమ్యూల్‌ది, ఆ తర్వాత ఆమెదే. మిల్లువాళ్ళు అడిగేవన్నీ ఆ వరసలోవే. జూబల్ జైల్లో ఉన్నాడు కాబట్టి ఈసారి తల పగలదు. ముసలమ్మ నీళ్ళు తోడుతూ బావిలో పడిపోతుంది, అంతే.

వెర్నెల్ మెట్ల మీంచి ఒక్క దూకు దూకింది. కారెక్కి తాళం తిప్పింది, అలవాటుగా అద్దం తుడిచే మీట నొక్కింది. పొడి అద్దం మీద వైపర్లు కీచుమన్నాయి. తల బయటపెట్టి పైకి చూసింది. మబ్బు లేదు. ఏప్రిల్ నుంచి ఒక్క అడుగు ఎడం కాని మబ్బు పైన్ చెట్ల మీదుగా క్రీకు వైపు పరుగు తీస్తోంది, గంపెడు గుడ్డలు ఎత్తుకుని పారిపోతున్నట్టు.

"ఆగు, నేనూ వస్తున్నా," అని ఆమె బండిని దాని వెంట వదిలింది. ఎర్రమట్టి రోడ్డు, అరికాలు లోతు దుమ్ము. మలుపు దగ్గర కోళ్ళు గాల్లోకి లేచాయి. పోస్టుమాన్ తన బండి గుంటలోకి దించి దారిచ్చాడు. ఎంత తొక్కినా మబ్బే ముందుంది. పోనుపోను అది నల్లబడి, పశువుల పాక అంతయింది, చర్చి అంతయింది. దాని పొట్టలో మొదటిసారి ఉరుము వినబడింది. వెర్నెల్ గుండె అదిరింది, భయంతో మాత్రం కాదు. బతికి ఉన్న మనిషి కోసం పరుగెత్తి ఎన్నాళ్ళయిందో.

జిప్పోరా అత్త వాకిట్లో వాన కడవలతో పోస్తున్నట్టుంది. చుట్టూ ఉన్న పత్తి చేలల్లో ఎండ అలాగే కాస్తోంది. ముసలమ్మ బావి దగ్గర వంగి రెండు చేతులతో తాడు పట్టుకుని ఉంది. ఆమెని చూడగానే వెర్నెల్‌కి ఊపిరి వచ్చింది.

"రావే, వేళకొచ్చావు," అంది జిప్పోరా. "బావిలో ఏదో తేలుతోంది చూడత్తా అన్నాడు డీకన్. వస్తున్నా. ఇంతలో చినుకు పడింది. దండెం మీద బొంతలున్నాయి కదా, అవి తీద్దామని వెనక్కి తిరిగా. తిరిగి చూస్తే మనిషి లేడు. బురదకి కాలు జారినట్టుంది. నా చేతుల్లో సత్తువ లేదు, పట్టుకో. నేను ఫోను చేసి వస్తా."

తాడు వెర్నెల్ చేతుల్లోకి వచ్చింది. బావి లోపల, దూరంగా, చెక్క బొక్కెనని కౌగిలించుకుని డీకన్ మింటర్ వేలాడుతున్నాడు. కింద నీళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి.

"సిస్టర్ టాలీ, దేవుడే పంపాడు నిన్ను. లాగు. నాకు ఈత రాదు."

"తొడ చూశాను డీకన్ గారూ. తొట్టిలో."

డీకన్ బొక్కెనని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"లెమ్యూల్ చివర్న ఏమన్నా అన్నాడా?" అని అడిగింది వెర్నెల్.

"ముందు లాగు."

"చెప్పండి."

"ట్రాక్టరు తోసినప్పుడు వాడు నన్ను చూడలేదు," అన్నాడు మింటర్. "కింద పడ్డాక చూశాడు. సాయానికి వచ్చాననుకున్నాడు. బతికించావు డీకన్, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అన్నాడు."

వెర్నెల్ తాడు వదిలేసింది.

జారిపోలేదు. వదిలేసింది. గిలక గిర్రున తిరిగింది, కింద నీళ్ళ చప్పుడైంది, తర్వాత కేక, కేకలో నీళ్ళు. ఆమె అంచు మీద చేతులు పెట్టి నిలబడింది. అతను చావాలని మనసారా కోరుకుంది. అలా కోరుకుంటున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

మబ్బు కిందికి దిగింది. ఇంటి కప్పు మీదికి, గిలక మీదికి, ఆమె టోపీని తాకేంత కిందికి వచ్చి, ఒక్కసారిగా బావిలోకి కుమ్మరించింది. వాన కాదది, ఏరు. ఏప్రిల్ నుంచి జల్లుజల్లుగా దాచుకున్నదంతా పోసింది. ముంచేస్తుందనుకుంది వెర్నెల్. కానీ బావిలో నీళ్ళు లేచాయి. రాయి మీద రాయి దాటుకుంటూ లేచాయి. వాటితోపాటు బొక్కెనా లేచింది, బొక్కెనని పట్టుకున్న డీకనూ లేచాడు. దగ్గుతూ, కక్కుతూ, అంచు దాకా తేలి వచ్చి, ఆమె చేతుల ముందు ఆగాడు.

ఆమె చేతులు వదిలేసినదాన్ని మబ్బు తెచ్చి తిరిగి అప్పగించింది. వెర్నెల్ ఆ చేతుల్ని ఒకసారి చూసుకుంది. ఆ తర్వాత అతని చొక్కా పట్టుకుని గట్టు మీదికి ఈడ్చి, మణికట్లకి బేడీలు వేసింది.

"జూబల్‌ని వదిలెయ్యమని షెరీఫ్‌కి మీరే చెబుతారు," అంది. "ఇప్పుడు నాకు చెప్పినట్టే, మాట పొల్లుపోకుండా."

డీకన్ తల ఊపాడు.

జిప్పోరా అత్త వసారాలో తడి బొంతలు గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత చూసిందో.

"తాడు జారిందా అమ్మాయ్?"

"లేదత్తా. నేనే వదిలేశా."

ముసలమ్మ బొంతలు కుర్చీ మీద పెట్టింది. "సరేలే," అంది. "పైకైతే వచ్చాడుగా. షెరీఫ్ వచ్చేలోపు ఇటొచ్చి కూర్చో."

వెర్నెల్ మెట్టు మీద కూర్చుంది. వాకిలంతా ఎండ పరుచుకుంది. బావి అంచు మీంచి నీళ్ళు పొంగి పత్తి చేలోకి పారుతున్నాయి. ఆమె తల ఎత్తి వెతికింది. ఈ చివర నుంచి ఆ చివరకి ఆకాశంలో పీచంత మబ్బు లేదు. జిప్పోరా అత్త లోపలి నుంచి ఒక పొడి బొంత తెచ్చి భుజాల మీద కప్పింది. మొహం తుడుచుకోమని తన ఏప్రన్ చెంగు ఇచ్చింది. వెర్నెల్ తుడుచుకుంది. మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడుచుకుంది.