అనియెల్లో కట్టిన లిఫ్టు

ఎండ దిగుతోంది.

ఐదో అంతస్తు గోడ మీంచి నాలుగో అంతస్తు బాల్కనీకి... అక్కడ ఆరేసిన దుప్పట్ల మీంచి మూడో అంతస్తు కిటికీకి... అక్కణ్ణుంచి ఇంకా కిందికి. నేపుల్స్‌లో ఆ ఇరుకు సందుకి రోజు మొత్తానికి దక్కే ఎండ అదే. పదకొండింటికి పైనుంచి దిగడం మొదలుపెడుతుంది. నేల మీద కాసేపు కూర్చుంటుంది. తర్వాత ఎదుటి గోడ పట్టుకుని పైకి పోతుంది.

ఎండతో పాటే బుట్ట దిగుతోంది.

కిర్రు... కిర్రు... కిర్రు...

నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి తితీనా తాడు వదులుతోంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. చేతులు ఇంకా గట్టివే. నోరు చేతులకన్నా గట్టిది. పాడైనవి మోకాళ్ళు రెండే.

కింద రొట్టెల కొట్టుంది. కొట్టావిడ రోజూ బుట్టలో ఒక రొట్టె పెడుతుంది. మందుల షాపు నుంచి ఏమైనా వస్తే అదీ పెడుతుంది. పెట్టి, లోపలికి పోయి, లోపల్నుంచే అరుస్తుంది — "లాగమ్మా!"

తితీనా లాగుతుంది. బతుకంతా ఆ తాడు మీదే నడుస్తోంది.

ఆ తాడు అనియెల్లో కట్టింది.

అనియెల్లో ఆమె మొగుడు. లిఫ్టుల మెకానిక్కు. ఊళ్ళోవాళ్ళ లిఫ్టులన్నీ బాగుచేశాడు — ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో, ఉన్నవాళ్ళ మేడల్లో. తను కాపురమున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. తొంభై ఆరు మెట్లు. ఆమె మోకాళ్ళు మొరాయించిన ఏడాది, ఏదో పాత లిఫ్టులోంచి ఊడదీసిన చిన్న ఇనుప చక్రం తెచ్చి బాల్కనీ కప్పుకి బిగించాడు. తాడు వేశాడు. బుట్ట కట్టాడు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇదిగోనే, నీ లిఫ్టు!" అన్నాడు.

ఆ ముడి ఇప్పటికీ ఊడలేదు.

అతను పోయి మూడేళ్ళు. స్నానాల గదిలో, గడ్డం సగం గీసుకుని... చెంపకి సబ్బు నురగతోనే పోయాడు. తితీనా ఆఖరిసారి కిందికి దిగింది ఆ శవం వెంటే. స్మశానం నుంచి వచ్చాక రెండో అంతస్తాయన, మూడో అంతస్తాయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, "దిగడం ఎలాగోలా దిగుతావు. ఎక్కడం మాత్రం నీవల్ల కాదు. గుర్తుపెట్టుకో" అన్నాడు.

మోసినవాళ్ళు ఇప్పుడు లేరు. వాళ్ళ ఇళ్ళు ఊరు చూడొచ్చినవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకు పోయాయి. తలుపుల పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న డబ్బాలు వెలిశాయి. వాటిలో తాళంచెవులు. వారానికో కొత్త మొహం.

తితీనా మళ్ళీ దిగలేదు.

బుట్ట దిగేది. అది చాలింది.

రొట్టె పైకి రాగానే దాని చివర తుంచి పక్కన పెడుతుంది. అది అనియెల్లోది. కరకరలాడే ఆ చివర ముక్క కోసం ఆ ఊళ్ళో అన్నదమ్ములు కొట్టుకుంటారు. అనియెల్లో మెట్లెక్కుతూనే తినేసేవాడు. "చివరేదీ?" అనేది ఆమె. "మెట్లు తినేశాయే" అనేవాడు అతను. నలభై ఆరేళ్ళ కాపురంలో ఒక్క రొట్టె కూడా నిండుగా ఇల్లు చేరలేదు. ఇప్పుడు చేరుతోంది. ఆమె ఆ ముక్క తినదు. సాయంత్రం బాల్కనీ గట్టు మీద పెడుతుంది, పిచ్చుకలు తింటాయి.

ఈ ఎండాకాలం మొదట్లో, బుట్టలో చీటీలు రావడం మొదలైంది.

మడిచిన చీటీలు. గుండె బొమ్మలు గీసిన చీటీలు. ఏవేవో భాషలు. తితీనాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తొంగి చూస్తే కింద జనం... టోపీలు, వీపున సంచులు, ఎత్తిపట్టిన ఫోన్లు. అందరూ ఆమెనే చూస్తున్నారు. వాళ్ళ ముందు పచ్చ గొడుగు ఎత్తి నిలబడ్డవాడు ఎలియో. ఈ సందులోనే పుట్టినవాడు, చెప్పులు కుట్టేవాళ్ళ అబ్బాయి. ముప్ఫై దాటాయి. ఇప్పుడు గైడు.

పాపం, మర్యాద తెలిసినవాళ్ళు అనుకుంది తితీనా. పెద్దదాన్నని పలకరిస్తున్నారు అనుకుంది.

చెయ్యి ఊపింది.

రెండు నెలలు... రోజూ ఊపింది.

నిన్న ఆదివారం సంగతి బయటపడింది. ఎలియో నిన్న తెచ్చింది మిలాన్ వాళ్ళని. వాళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదు కదా, ఇటలీ భాషలోనే చెప్పాడు. వీధి గది గడపలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న పొరుగావిడ మఫాల్డా చెవిన పడింది. జనం మలుపు తిరిగారో లేదో, మఫాల్డా గొంతు నాలుగంతస్తులూ ఎక్కింది.

"ఒసేయ్ తితీనా! మీ ఆయన ఓడెక్కి పోయాడంటనే!"

"ఎవరే ఓడెక్కింది?"

"అనియెల్లో! వారంలో వస్తానని నీకు మాటిచ్చి సముద్రం మీద పోయాడంట. మళ్ళీ రాలేదంట. ఆయన ఉత్తరం వస్తుందని నువ్వు రోజూ బుట్ట దించుతున్నావంట! అందులో చీటీ వేస్తే దూరమైనవాళ్ళు తిరిగొస్తారంట!"

"ఓడా? ఆయనా? ప్రోచిదా దీవికి పోదామని రేవుకి తీసుకెళ్తే పడవను చూసే వాంతి చేసుకున్న మనిషే!"

"నాకు చెప్తావేంటే? నాకు తెలీదా? ఆ ఎలియోగాడికి చెప్పు!"

తితీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఓడంట.

ఎలియోకి తెలియదా! వాడికి ఏడేళ్ళప్పుడు, తల్లీకొడుకులు ఆస్పత్రి లిఫ్టులో ఇరుక్కుపోతే, పండగ భోజనం మీంచి లేచి పరిగెత్తింది ఎవరు? ఆ తల్లి ఏడుస్తూ ముద్దుపెట్టుకున్న గ్రీజు చేతులు ఎవరివి? అన్నీ తెలిసి, నోరెలా వచ్చిందిరా నీకు? అబద్ధమాడితే ఆడావు. ఈ ఊళ్ళో అబద్ధమాడనివాడు ఎవడు గనక. కానీ వదిలేసి పోయాడని అంటావా? ఒక్క పూట... ఒక్క పూట ఇంటి భోజనం తప్పని మనిషిని పట్టుకుని, పెళ్ళాన్ని వదిలేసి పోయాడని ఊరూరి వాళ్ళకీ చెప్తావా?

పైగా ఆమె చెయ్యి ఊపింది. అది తలుచుకుంటే ఒళ్ళు మరీ మండుతోంది. మొగుడు వదిలేసి పోయిన ఆడదిగా వాళ్ళు చూస్తుంటే, నవ్వుతూ, రెండు నెలలు చెయ్యి ఊపింది.

ఇవాళ ఎండ దిగింది.

బుట్ట దిగింది. కొట్టావిడ రొట్టె పెట్టి లోపలికి పోయింది. ఆమె "లాగమ్మా!" అనేలోపే పచ్చ గొడుగు వచ్చేసింది. వాళ్ళొచ్చేది పదకొండు దాటాకే. ఫోటోలకి ఎండ కావాలి కదా.

తితీనా రెయిలింగు పట్టుకుని వంగింది.

"ఎలియో! ఒరేయ్ సిగ్గులేనోడా! మా ఆయన ఓడెక్కాడట్రా? ఎక్కడ్రా ఆ ఓడ? చూపించు!"

నాలుగంతస్తుల పైనుంచి తిట్టు కూడా పాటలాగే వినిపిస్తుందేమో. జనం తలలెత్తి, "ఓ..." అన్నారు. ఎలియో గుండె మీద చెయ్యి వేసుకుని వాళ్ళకేదో చెప్పాడు. ఫోన్లు లేచాయి. చీటీలు బుట్టలో పడుతున్నాయి. చోటు చాలక ఒక అమ్మాయి రొట్టె బయటికి తీసింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫోటో దిగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులకి ఇంకా హుషారొచ్చి...

చివర తుంచి నోట్లో వేసుకుంది.

కరకర.

తితీనా తాడును రెయిలింగుకి చుట్టింది. రెండు మెలికలు వేసి బిగించింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తలుపు తీసింది.

డాక్టరు గుర్తొచ్చాడు. పోనీ, అంది.

గోడ పట్టుకుని. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి.

ఓడంట... ఒక మెట్టు.

ఉత్తరమంట... ఒక మెట్టు.

మూడో అంతస్తు. తలుపు పక్కన తాళంచెవుల డబ్బా. ఈ తలుపు వెనకే కదూ, కుర్చీ మోసిన ఎడమచేతి వాటం మనిషి ఉండేవాడు. రెండో అంతస్తు. మోకాలి చిప్పలో మేకు దిగినట్టుంది. ఆగింది. ఊపిరి పీల్చుకుంది. సముద్రమంట, అనుకుంది. మళ్ళీ దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పికి కాదని తనకు తనే చెప్పుకుంది. కొంత నొప్పికే.

వీధి తలుపు తోసింది.

ఎండ నేల మీద ఉంది. మూడేళ్ళ తర్వాత నేల మీద ఎండలో నిలబడింది తితీనా.

జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. పైన చూసిన మనిషి కిందికొస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎలియో మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తా... దిగావా? నువ్వెందుకు దిగావత్తా?"

"నీ నోటికి తాళం వేద్దామని. చెప్పు వీళ్ళకి! నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు!"

ఎలియో తల ఊపాడు.

"మా ఆయన పేరు అనియెల్లో. ఎక్కడికీ పోలేదు. లిఫ్టులు బాగుచేసేవాడు. ఈ బుట్ట కట్టింది ఆయన. నా మోకాళ్ళ కోసం కట్టాడు. ఇంట్లో పోయాడు, నా చేతుల్లో పోయాడు, మొహానికి సబ్బుతో పోయాడు. చెప్పరా!"

ఎలియో చెప్పాడు. మెల్లగా, గొంతు తగ్గించి చెప్పాడు.

ఒకావిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఒకాయన టోపీ తీశాడు. రొట్టె తిన్న అమ్మాయి మొహం ముడుచుకుని వెక్కింది.

తితీనా అందరి మొహాల్లోకీ చూసింది. ఇంగ్లీషు రాకపోతే ఏం, మొహాలు చదవడం వచ్చు. వీళ్ళు ఓడను సాగనంపుతూ రేవులో నిలబడ్డవాళ్ళలా చూస్తున్నారు. లిఫ్టు బాగుచేసేవాడి సంగతి విని ఎవరూ అలా చూడరు.

"లిఫ్టు!" అని అరిచింది తన భాషలో. ఆ మాట వాళ్ళకి తెలియదు. అరచేయి చాపి చూపించింది. పైకి... కిందికి. పైకి... కిందికి. లిఫ్టు! పైకి... కిందికి!

"ఓ..." అన్నారు జనం. టోపీ తీసినాయన తను కూడా అరచేయి చాపి పైకీ కిందికీ ఊపాడు. అందరూ ఊపారు. ఇరవై చేతులు... పైకి... కిందికి...

అలలు.

సముద్రం అనుకున్నారు!

చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి వచ్చి తితీనాను కావలించుకుంది. కొరికిన రొట్టెను తీసుకెళ్ళి, బుట్టలో చీటీల మీద జాగ్రత్తగా, దేవుడి ముందు పెట్టినట్టు పెట్టింది.

తితీనా ఎలియో చొక్కా పట్టుకుంది.

"ఏం చెప్పావురా?"

వాడు గొంతు బాగా తగ్గించాడు. "కోప్పడకత్తా. లిఫ్టు మెకానిక్కు పోయాడంటే ఎవరేడుస్తారు చెప్పు?"

"నేనేడ్చానురా."

వాడు తల దించుకున్నాడు. నిజంగానే దించుకున్నాడు, అది ఒప్పుకోవాలి. తర్వాత గడియారం చూసుకున్నాడు. అదీ చూసుకున్నాడు.

"పద, పైకి తీసుకెళ్తా. కుర్చీ తెప్పిస్తా. వీళ్ళు కూడా తలో చెయ్యి వేస్తారు..." అని వెనక్కి తిరిగి వాళ్ళకేదో అన్నాడు. వాళ్ళు సంబరంగా తలూపారు. ఒకాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. ఫోన్లు మళ్ళీ లేచాయి.

"ముట్టుకో... ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తా. మా ఆయన్ని ఓడెక్కించావు. నన్ను ఊరేగిస్తావా? పో! పోరా నా ముందునుంచి!"

పోయారు. పచ్చ గొడుగు మలుపు తిరిగింది. వెనక ఉన్న ఒకావిడ ఆగి చెయ్యి ఊపింది.

తితీనా ఊపలేదు.

మఫాల్డా చిక్కుళ్ళ గిన్నె కింద పెట్టి తన కుర్చీ ఇచ్చింది. ఆమె నడుము ఆమెకే భారం, ఎనభై మూడేళ్ళు. ఒళ్ళో పడ్డ తొక్కలు దులుపుకుంది. తర్వాత అంది — "మరిప్పుడు ఎట్లాగే?"

తితీనా కాళ్ళు రెండూ కుర్చీ మీంచి వేలాడుతున్నాయి, ఆమెవి కానట్టు. ఎదురుగా బుట్ట. మూడేళ్ళుగా పైనుంచే చూసిన బుట్ట. దగ్గర్నుంచి చూస్తే చిన్నది. నిండా చీటీలు. దూరమైనవాళ్ళంతా తిరిగి రావాలని రాసిన చీటీలు. వాటి మీద చివర లేని రొట్టె.

ఎలాగూ అలాగే ఇల్లు చేరేది ఇదివరకు.

చెయ్యి చాపి అనియెల్లో ముడిని తడిమింది. గట్టిగానే ఉంది. దాని నుంచి తాడు పైకి పోయింది — మొదటి అంతస్తు, రెండు, మూడు, నాలుగు — ఇనుప చక్రం దాకా, రెయిలింగుకి తను వేసిన రెండు మెలికల దాకా.

జనం సందడి తగ్గాక రొట్టెల కొట్టులోంచి, ఎప్పటిలాగే, తల బయట పెట్టకుండానే, కొట్టావిడ అరిచింది.

"లాగమ్మా!"

తితీనా తలెత్తి పైకి చూసింది.

బాల్కనీలో ఎవరూ లేరు.

"లాగమ్మా!"

ఎండ ఎదుటి గోడ ఎక్కుతోంది. మొదటి అంతస్తు కిటికీ... రెండో అంతస్తు దుప్పట్లు... ఎవరూ లాగకుండానే ఎక్కుతోంది...

బుట్ట కిందే ఉంది.