పది నిమిషాల సర్దుబాటు

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. నగరంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళతారో, ఏ బస్సెక్కుతారో, కొత్త రోడ్డు వేస్తే ఎటు మళ్లుతారో కంప్యూటరులో లెక్కగట్టి చెప్పడం ఆమె పని. ఆ లెక్కల మూటకు మోడల్ అని పేరు. ఏ దారిలో బస్సు పెంచాలన్నా తగ్గించాలన్నా పైఅధికారి ముందు ఆమె గదికే వస్తాడు.

యూనివర్సిటీకీ ఆ ఆఫీసుకూ ఏళ్ల తరబడి ఉప్పూ నిప్పూ. వాళ్లు రోడ్డు దాటాలన్నా పుస్తకం చూసి దాటుతారని వీళ్లు, వీళ్లు చేతికొచ్చిన అంకె వేసి చేతులు దులుపుకుంటారని వాళ్లు. చివరికి పైఅధికారికి జ్ఞానోదయమై, ఇకనుంచి కలిసి పనిచేద్దాం రండని ఒక పరిశోధకుణ్ణి పిలిపించాడు. వారానికో రోజు వచ్చి లెక్కలక్క ఎదురు కుర్చీలో కూర్చునేవాడు. పీహెచ్‌డీ ఉంది కాబట్టి డాక్టరుగారన్నారు. సూది వెయ్యడం రాని డాక్టరని ప్యూను చాటుగా అనేవాడు. మనిషి మంచివాడే. మోడల్ మొత్తం కాపీ చేసిమ్మంటే ఆమె ఇచ్చింది. అందులో ఏది నిజంగా కొలిచింది, ఏది లెక్క కుదరడానికి సర్దింది అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగితే చిన్నతనమని అతను, అడగనిదే చెప్పడమేమిటని ఆమె. చదువుకున్నవాళ్ల మొహమాటాలు ఇలాగే ఏడుస్తాయి.

కొన్నాళ్లకు అతని వ్యాసం అచ్చయింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చూడండక్కా, క్వారీ కాలనీ వాళ్లకు బస్సంటే అసలు గిట్టదు. అక్కడ బస్సెక్కడం వాళ్లకు ఇంకో పది నిమిషాలు ప్రయాణం చేసినంత భారం. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు."

ఆమె వేలు ఆ పది మీద ఆగిపోయింది. అది తను వేసిన పది. భర్త పోయిన కొత్తల్లో, ఇంట్లో ఉండలేక ఆఫీసుకొచ్చిన రోజుల్లో వేసింది. ఆ కాలనీ స్టాపులో మోడల్ చెప్పినంత మంది లెక్కకు దొరకలేదు. లెక్క తీసినప్పుడు రాళ్ల క్వారీకి సెలవులని, జనం ఊళ్లో లేరని కాగితం మీద రాసే ఉంది. చదివింది కానీ బుర్రకెక్కలేదు. అక్కడ బస్సెక్కడం భారమని మోడల్ అనుకునేలా, రెండు అంకెలూ కలిసేదాకా ఆ స్టాపుకు నిమిషాలు తగిలిస్తూ పోయింది, పది దగ్గర కలిశాయి. ఇలాంటి సర్దుబాట్లు ఆ వృత్తిలో అందరూ చేసేవే, తీరిక చూసుకుని సరిచేస్తారు. ఆమె మరిచిపోయింది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు మనసు మొద్దుబారిపోయింది. అన్నం తిన్నదీ లేనిదీ కంచం చూసుకుంటే తెలిసేది.

ఆ పదిని నమ్ముకునే కొండమీది కాలనీకి బస్సులు సగం చేశారు. ఇప్పుడీ వ్యాసం చూపించి, పొద్దున్నే వచ్చే మొదటి బస్సు కూడా ఎత్తేద్దామని పైఅధికారి ఫైలు నడుపుతున్నాడు. ఆమె చెల్లెలు ఉండేది అక్కడే. ఆ బస్సులోనే కిందికి దిగి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట పనికి వెళుతుందని ఆమె లెక్క. బస్సు పోతే ఆ పనీ పోతుంది.

మరొకరికైతే గుండె గుభేలుమనేది. ఆమె ఆ కాగితం అతని వైపు తిప్పింది, అంతే.

"ఇది జనం మాట కాదు, డాక్టరుగారూ. లెక్క కలవకపోతే నేను సర్దిన అంకె."

అతను కాగితం మడిచి పక్కన పెట్టాడు. "అంటే మీరు దాచిందే నేను తవ్వి తీశానన్నమాట."

"నేను చెప్పాల్సింది."

"నేను అడగాల్సింది."

తిలాపాపం తలా పిడికెడు. ఆ వ్యాసం మీదే అతని ఉద్యోగం పర్మినెంటు కావాలి. అయినా లేచి, "పదండి, ఇద్దరం వెళ్లి చెబుదాం" అన్నాడు. ఆ ఒక్క మాటకు అతణ్ణి మెచ్చుకోవాలి.

పైఅధికారి విని నవ్వాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందమ్మా. మీరు పదన్నారు. యూనివర్సిటీ వాళ్లూ పదే అన్నారు. రెండుచోట్లా ఒకటే వస్తే దాన్ని రుజువంటారు."

"వారు చూసింది కూడా నా లెక్కనేనండీ."

"సరే, వెళ్లి మనుషుల్నే లెక్కపెట్టండి. ఇద్దరూ సంతకం పెట్టి తెండి. జనముంటే బస్సుంటుంది."

మర్నాడు పొద్దు పొడవక ముందే ఇద్దరూ ఆ స్టాపులో నిలబడ్డారు. చెల్లెలింటికి ఎప్పుడొచ్చినా లెక్కలక్క తన భర్త స్కూటరు మీదే వచ్చేది. ఆయన పోయాక రావడమే మానేసింది. ఫోను చేస్తే "బాగానే ఉన్నానక్కా" అనేది చెల్లెలు, అది విని ఈమె పెట్టేసేది.

స్టాపులో ఎవరూ లేరు. బస్సు వేళ దగ్గరపడుతున్నా ఎవరూ రాలేదు. కనీసం చెల్లెలైనా రావాలే అని ఆమె వీధి వంక చూస్తోంది. చెల్లెలు వచ్చింది, చెత్తబుట్ట పారబోయడానికి, జుట్టు కూడా దువ్వుకోకుండా.

"ఇంత పొద్దున్నే నువ్వేంటక్కా ఇక్కడ?"

"నువ్వు పనికి తయారవలేదేం?"

"ఆ పని ఎప్పుడో పోయిందక్కా. బస్సులు తగ్గించాక ఒకటి రాకపోతే ఇంకోటి లేదు. రోజూ ఆలస్యమైతే ఎవరు ఊరుకుంటారు, రావద్దన్నారు."

"మిగతావాళ్లు?"

"కొందరు కింద గదులు తీసుకున్నారు. కొందరు వ్యాను మాట్లాడుకున్నారు. ఇక్కడ ఇప్పుడు బస్సును నమ్ముకున్నవాళ్లెవరూ లేరు."

"నాకొక్క మాట చెప్పొద్దూ?"

"బావ పోయి నీ ఏడుపు నీకుంటే, మధ్యలో నాదెందుకులే అని."

ఆమెకు ఏడుపొస్తే బాగుండుననిపించింది. రాలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని నిలబడింది.

బస్సు వచ్చి ఆగింది. లోపల ఒక్కరూ లేరు. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా?" అన్నాడు. ఆమె చెల్లెలి వంక చూసింది.

"నాకిప్పుడెక్కడికి పనుంది, పొమ్మను" అంది చెల్లెలు.

బస్సు వెళ్లిపోయింది. డాక్టరు కాగితం మీద సున్నా వేసి, కింద సంతకం చేసి, ఆమెకిచ్చాడు. ఆమె కూడా చేసింది. యూనివర్సిటీ, ఆఫీసు నిజంగా కలిసి తీసిన మొదటి లెక్క అది. అందులో తప్పేమీ లేదు.